కవలల గర్భం, చివరి నెలలు: ఉద్యోగం, నడక, విశ్రాంతిపై తరచుగా అడిగే ప్రశ్నలు

స్కానింగ్‌లో ఇద్దరున్నారని తేలిన రోజు నుంచి గర్భిణికి రెండు రకాల సలహాలు మొదలవుతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు మంచం దిగవద్దంటారు. పనిచేసే చోట మాత్రం నొప్పులు వచ్చే రోజు వరకు డ్యూటీ చేసిన ఎవరో ఒకావిడ గురించి చెబుతారు. మొదటి సలహాకు వైద్యపరమైన ఆధారం తక్కువ; రెండోది సాధారణంగా ఒక్క బిడ్డను మోసిన ఆవిడ అనుభవం. ఇద్దరిని మోస్తున్నవాళ్ళు ఏడో నెల నుంచి కాన్పు దాకా ఉద్యోగాన్ని, ఇంటి పనిని, నడకను ఏ లెక్కన తగ్గించుకుంటూ రావాలన్నదే ఈ కింది జవాబుల విషయం. మీ రిపోర్టులు చూసిన డాక్టరు ఇందుకు భిన్నంగా చెబితే ఆ మాటే పాటించాలి.

కవలల విషయంలో "చివరి నెలలు" అంటే ఎప్పటి నుంచి?

28వ వారం నుంచి అని పెట్టుకోవడం మంచిది. ఒక్క బిడ్డ ఉన్నప్పుడు కాన్పు తేదీని 40 వారాలకు లెక్కకట్టి ఫైలు మీద రాస్తారు. కవలల ఫైలు మీద కూడా అదే తేదీ ఉంటుంది కానీ, ఆ తేదీ దాకా గర్భం సాగడం చాలా అరుదు. కవలల కాన్పుల్లో నూటికి అరవై దాకా 37 వారాలు నిండకుండానే జరుగుతాయి. అంతా సవ్యంగా ఉన్నా, ఇద్దరికీ వేర్వేరు మాయలు (ప్లాసెంటా) ఉంటే 37-38 వారాలకు, ఒకే మాయ ఉంటే 36 వారాల ప్రాంతంలో, ఒకే మాయతో పాటు ఒకే ఉమ్మనీటి సంచి కూడా ఉంటే 32-34 వారాల మధ్య డాక్టర్లే కాన్పు చేయిస్తారు.

మన ఇళ్ళలో నెలల లెక్కే ఇంకా నడుస్తోంది గనుక దాన్ని కూడా వారాల్లోకి మార్చి చూసుకోవాలి. "ఏడో నెల పడింది" అంటే ఆరు నెలలు నిండాయని, అంటే సుమారు 26 వారాలు. "తొమ్మిదో నెల పడింది" అనేసరికి దాదాపు 35 వారాలు అయిపోతాయి. తొమ్మిదో నెలలో చూసుకుందామని వాయిదా వేసిన పనులు కవలల తల్లి విషయంలో చాలాసార్లు కాన్పు తర్వాతకు జారిపోయేది ఈ లెక్క వల్లే.

ఇద్దరున్నారంటే మంచం మీదే ఉండాలా?

ఇబ్బందులేవీ లేని కవలల గర్భానికి పూర్తి మంచం విశ్రాంతి అవసరం లేదు. ఆసుపత్రిలో చేర్చి పడుకోబెట్టినా నెలలు నిండకుండా జరిగే కాన్పులు తగ్గలేదని పరిశోధనలు చెబుతున్నాయి. పైగా రోజుల తరబడి పడుకుంటే కాళ్ళ రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. కవలల గర్భంలో ఆ ప్రమాదం మామూలుగానే కొంత ఎక్కువ. కండరాలు మెత్తబడతాయి, మలబద్ధకం ముదురుతుంది, మనసు దిగులుపడుతుంది. కాన్పు తర్వాత ఇద్దరు పసివాళ్ళను ఎత్తుకోవలసిన చేతులకు, నడుముకు ముందు రెండు నెలలు పనిలేకుండా చేయడంలో లాభమేమీ లేదు.

అయితే మంచం అక్కర్లేదన్నంత మాత్రాన మునుపటి వేగం కొనసాగించమని అర్థం కాదు. పగటిపూట ఒకటి రెండుసార్లు అరగంటో గంటో పక్కకు తిరిగి పడుకోవడం, పనుల మధ్య కాళ్ళు ఎత్తుగా పెట్టుకోవడం ఈ దశలో బద్ధకం కిందికి రాదు.

మరి ఎవరు నిజంగా పని మానుకోవాలి?

రక్తస్రావం అయినవాళ్ళు, మాయ కిందికి ఉన్నవాళ్ళు, ఉమ్మనీరు పోతున్నవాళ్ళు, గర్భసంచి ముఖద్వారం పొట్టిగా ఉందని తేలినవాళ్ళు లేదా దానికి కుట్టు వేయించుకున్నవాళ్ళు, బిపి పెరిగినవాళ్ళు, ఇద్దరు బిడ్డల్లో ఎవరి ఎదుగుదలైనా తగ్గినవాళ్ళు, రక్తం బాగా తక్కువగా ఉన్నవాళ్ళు, ఇంతకు ముందు నెలలు నిండకుండా కాన్పు అయినవాళ్ళు ఉద్యోగం గురించీ వ్యాయామం గురించీ డాక్టరును విడిగా అడగాలి. వీళ్ళలో కొందరు ఉద్యోగం పూర్తిగా మానాల్సి రావచ్చు, కొందరికి పని తగ్గిస్తే సరిపోవచ్చు.

ఇక్కడ ఒక చిన్న సూచన. చాలామంది "రెస్ట్ తీసుకోమన్నారు" అనే ఒక్క మాటతో బయటికి వచ్చేస్తారు. ఇంటికి వచ్చాక అత్తగారు దానికి ఒక అర్థం చెబుతారు, ఆఫీసులో మేనేజరు మరో అర్థం చెబుతారు. కాబట్టి గదిలో ఉండగానే అడగాలి: ఒక్క విడతలో ఎంతసేపు నిలబడవచ్చు, మెట్లు ఎక్కవచ్చా, రోజూ ఎంత దూరం ప్రయాణం చేయవచ్చు, ఎంత బరువు ఎత్తవచ్చు, దాంపత్యం విషయంలో జాగ్రత్తలు ఏమైనా ఉన్నాయా. ఆ జవాబులను చీటీ మీదే రాసి ఇమ్మంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆఫీసుకు అదే కాగితం పనికొస్తుంది.

ఒకే మాయా, రెండు మాయలా అన్నది ఉద్యోగానికి ఎందుకు?

ఒకే మాయను పంచుకునే కవలల్లో ఒకరి నుంచి మరొకరికి రక్తం అసమానంగా వెళ్ళే ఇబ్బంది నూటికి పది పదిహేను మందికి వస్తుంది. దాన్ని కనిపెట్టడానికి 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ అవసరం. వేర్వేరు మాయలైతే సాధారణంగా నాలుగు వారాలకోసారి సరిపోతుంది. అంటే ఒకే మాయ ఉన్నవాళ్ళకు నెలకు కనీసం రెండు పూటలు సెలవు కావాలి. స్కానింగ్ చేసే చోటికి దగ్గరలో ఉండడం కూడా ముఖ్యం. రెండు మూడు రోజుల్లోనే పొట్ట బాగా పెరిగి బిగుతుగా, ఊపిరాడనట్టుగా అనిపిస్తే తర్వాతి స్కానింగ్ తేదీ దాకా ఆగకూడదు. మాయలు ఎన్ని అన్నది 11-14 వారాల స్కానింగ్‌లో స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత తేల్చడం కష్టమవుతుంది. ఆ రిపోర్టును భద్రంగా ఉంచుకోవాలి.

ఎన్నో వారం దాకా ఉద్యోగం చేయవచ్చు?

అందరికీ ఒకే వారం చెప్పడం కుదరదు, అది పనిని బట్టి ఉంటుంది. గంటల తరబడి నిలబడడం, పదేపదే వంగడం, బరువులు ఎత్తడం, రాత్రి డ్యూటీలు, వారానికి నలభై గంటలు దాటిన పని, ఇవన్నీ కొద్దో గొప్పో ముందస్తు కాన్పు అవకాశాన్ని పెంచేవే. కవలల తల్లికి ఆ అవకాశం ముందే ఎక్కువ గనుక వీటిలో ఏవి తన పనిలో ఉన్నాయో చూసుకుని, వాటిని ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ రావాలి.

కూర్చుని చేసే ఉద్యోగం, దగ్గరి ప్రయాణం, ఇబ్బందుల్లేని గర్భం అయితే చాలామంది 32 వారాల దాకా, కొందరు 34 దాకా చేయగలుగుతారు. బడిలో పాఠాలు చెప్పే టీచరుకు 28 వారాల నుంచే కుర్చీ వేసుకుని చెప్పే వీలు, కింది అంతస్తులో తరగతులు కావాలి. ఎత్తు కుర్చీ ఒకటి బోర్డు పక్కన ఉంటే ఒక పీరియడ్‌లో నిలబడే సమయం సగానికి తగ్గుతుంది. ప్రార్థన వేళ ఎండలో పిల్లలతో పాటు నిలబడే బాధ్యతను ఇంకొకరికి అప్పగించాలి. బట్టల దుకాణాల్లో, సూపర్ మార్కెట్లలో పదేసి గంటలు నిలబడే అమ్మాయిల పరిస్థితి ఇంతకన్నా కష్టం. బిల్లింగ్ కౌంటరు దగ్గర కూర్చునే పనికి మార్చమని 26-28 వారాలకే అడగాలి, మార్చలేదంటే త్వరగా మానుకోవడమే మంచిది. నర్సులు రోగులను ఎత్తి పక్కకు తిప్పే పనిని, వరుస రాత్రి డ్యూటీలను ముందుగా వదులుకోవాలి.

నాట్లు వేయడం, పత్తి తీయడం, మిరపకాయలు కోయడం వంటి వంగి చేసే పనులు ఎండలో గంటల తరబడి సాగుతాయి. కవలల తల్లి ఈ పనులను ఏడో నెల పడేసరికి ఆపేయాలి. కూలి పోతుందన్న భయం నిజమైనదే. అందుకే ఇంటి నుంచి చేయగల తేలిక పని ఏదైనా దొరుకుతుందా అని ముందు నెలల్లోనే చూసుకోవాల్సి వస్తుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఇంట్లో పనే కదా అనిపిస్తుంది కానీ, ఒడిలో చాట పెట్టుకుని బాసిపట్టు వేసుకుని గంటల తరబడి కూర్చోవడం, పొగాకు పొడిని పీల్చడం రెండూ మంచివి కావు. కాలితో తొక్కే కుట్టుమిషను పని కూడా ఎనిమిదో నెలలో పొట్ట అడ్డుపడి నడుముకు భారమవుతుంది.

కూర్చుని చేసే ఆఫీసు పనిలో ఇబ్బంది ఏముంటుంది?

కదలకుండా కూర్చోవడమే ఇబ్బంది. కాళ్ళలో నీరు దిగుతుంది, నడుము పట్టేస్తుంది, రక్తం నెమ్మదిగా పారుతుంది. అరగంటకో ముప్పావు గంటకో లేచి నీళ్ళ సీసా నింపుకుని రావడం లాంటి చిన్న నడక చాలు. రెండు పాదాలూ నేలకు ఆనేట్టు, లేదా చిన్న పీట మీద ఉండేట్టు కుర్చీ ఎత్తు సరిచేసుకోవాలి. నడుము వంపులో చుట్టిన తువ్వాలు పెట్టుకుంటే సాయంత్రానికి తేడా తెలుస్తుంది. కాలు మీద కాలు వేసుకోకూడదు. టాయిలెట్‌కు పదేపదే వెళ్ళాలన్న మొహమాటంతో నీళ్ళు తగ్గించేవాళ్ళు చాలామంది ఉన్నారు. నీరు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దానితో పొట్ట గట్టిపడడం వస్తాయి. కాబట్టి నీళ్ళు మానడం కన్నా టాయిలెట్‌కు దగ్గరగా సీటు మార్పించుకోవడం మేలు.

నిజానికి హైదరాబాద్ లాంటి నగరంలో ఆఫీసు పని కన్నా ఆఫీసుకు వెళ్ళిరావడమే పెద్ద శ్రమ. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి వెళ్ళి వచ్చే మనిషికి ఎనిమిది గంటల పనికి తోడు మూడు గంటల ప్రయాణం ఉంటుంది. సెలవు కన్నా ముందు తగ్గించుకోవలసింది ఈ ప్రయాణాన్నే: వారంలో మూడు నాలుగు రోజులు ఇంటి నుంచి పని, మిగతా రోజుల్లో రద్దీ లేని వేళల్లో రాకపోకలు. దీన్ని 26వ వారానికే మేనేజరుతో మాట్లాడి మెయిల్ రూపంలో ఒప్పుకునేట్టు చూసుకోవాలి, నోటిమాట ఒప్పందాలు మేనేజరు మారగానే మాయమవుతాయి.

రాత్రి షిఫ్టులు చేయవచ్చా?

28 వారాల తర్వాత వద్దు. ముఖ్యంగా వారానికోసారి మారే షిఫ్టులు నిద్రను పూర్తిగా చెడగొడతాయి. ఇంటి నుంచి పనిచేస్తూ అమెరికా వేళల్లో కాల్స్‌కు కూర్చునేవాళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇంట్లో ఉన్నారన్న పేరుతో ఆ గంటలను లెక్కలోంచి తీసేయకూడదు.

ప్రసూతి సెలవు ఎప్పటి నుంచి పెట్టాలి? కవలలకు రెట్టింపు సెలవు ఉంటుందా?

రెట్టింపు ఉండదు. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ ప్రకారం, పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో, కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసిన మహిళకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు వస్తుంది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ లెక్క ఇలాగే ఉంది. అప్పటికే ఇద్దరు పిల్లలు ఉన్నవాళ్ళకు మాత్రం 12 వారాలే. మొదటి కాన్పులోనే కవలలు పుడితే ఇద్దరు పిల్లల నిబంధన అడ్డు రాదు, ఎందుకంటే కాన్పుకు ముందు పిల్లలు లేరు. ఒక బిడ్డ ఉండి రెండో కాన్పులో కవలలు పుట్టినా 26 వారాలే.

ఈ 26 వారాల్లో కాన్పుకు ముందు వాడుకోగలిగింది ఎక్కువలో ఎక్కువ 8 వారాలు. అసలు చిక్కు ఇక్కడే. ఫైలు మీద ఉన్న 40 వారాల తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తే ఆ 8 వారాలు 32వ వారంలో మొదలవుతాయి. కాన్పు 36వ వారంలో జరిగితే విశ్రాంతి దొరికేది నాలుగు వారాలు మాత్రమే. 33లో జరిగితే వారం రోజులే. అందుకే డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్‌లో కవలల గర్భం అని, కాన్పు ఏ వారంలో చేయాలనుకుంటున్నారో ఆ తేదీతో సహా రాయించుకోవాలి. 37వ వారాన్ని ఆధారంగా తీసుకుంటే సెలవు 29వ వారం నుంచే అడగవచ్చు.

అడగవచ్చు అన్నది ఒకటి, అడగాలా అన్నది మరొకటి. ముందు వాడుకున్న ప్రతి వారం తర్వాత మిగిలే వారాల్లోంచే పోతుంది. ఇద్దరు పసివాళ్ళు, అందులోనూ నెలలు నిండకుండా పుట్టి కొన్నాళ్ళు ఐసీయూలో ఉండివచ్చినవాళ్ళు అయితే, ఇంటికి వచ్చాక ప్రతి వారానికీ విలువ ఉంటుంది. ఆరోగ్యం బాగున్న ఉద్యోగినికి మా సలహా ఇది: ప్రసూతి సెలవును వెంటనే మొదలుపెట్టకుండా, 28 నుంచి 32 వారాల మధ్య ఇంటి నుంచి పని, సగం రోజు పని, మిగిలిన సాధారణ సెలవులు వాడుకోవాలి; 32 దాటాక ప్రసూతి సెలవులోకి వెళ్ళాలి. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఈ పొదుపు లెక్కలు వేసుకోకూడదు. గర్భం వల్ల, కాన్పు వల్ల, నెలలు నిండకుండా జరిగిన కాన్పు వల్ల కలిగే అనారోగ్యానికి వైద్యుల ధ్రువపత్రంతో మరో నెల దాకా వేతనంతో సెలవు ఇదే చట్టంలో ఉంది. చాలామంది హెచ్‌ఆర్ వాళ్ళు దాన్ని వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

సెలవు పెట్టకముందే తేలిక పని అడిగే హక్కు ఉందా?

ఉంది. కాన్పు తేదీకి పది వారాల ముందు నుంచి ఆరు వారాల ముందు వరకు ఉన్న నెలలో శ్రమతో కూడిన పనిని, ఎక్కువసేపు నిలబడే పనిని చేయించకూడదని ఉద్యోగిని కోరితే యజమాని ఒప్పుకోవాలి. ఆ చివరి ఆరు వారాల్లో సెలవు తీసుకోకుండా పనిచేస్తున్నా అదే రక్షణ ఉంటుంది. తేలిక పని ఇచ్చామన్న కారణంతో జీతం కోయకూడదు. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని ఉద్యోగం నుంచి తీసేయడం చట్టవిరుద్ధం. కోరడం అన్న మాట ముఖ్యం; నోటితో చెప్పి ఊరుకోకుండా తేదీ వేసి రాసి ఇవ్వాలి.

ప్రభుత్వోద్యోగులకు, ఈఎస్‌ఐ ఉన్నవాళ్ళకు, కూలి పని చేసేవాళ్ళకు?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వోద్యోగినులకు ప్రసూతి సెలవు 180 రోజులు. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవాళ్ళకు 26 వారాల వేతనాన్ని యజమాని బదులు ఈఎస్‌ఐ చెల్లిస్తుంది. కూలి పని చేసేవాళ్ళకు వేతన సెలవు ఉండదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు ఇచ్చే 5,000 రూపాయల గురించి అంగన్‌వాడీలో అడగాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా జరిగే పరీక్షలకు వెళ్ళి, కవలలని కార్డు మీద రాయించుకోవాలి. దాన్ని బట్టే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఎక్కువ ప్రమాదం ఉన్న గర్భాల జాబితాలో పెట్టి తరచుగా చూస్తారు.

నడక ఎంత మంచిది?

ఇబ్బందుల్లేనివాళ్ళకు నడక మంచిదే, చదునైన చోట, చల్లని వేళ. 28 వారాల దాకా రోజుకు అరగంట నడిచినవాళ్ళు ఆ తర్వాత దాన్ని పది నిమిషాల చొప్పున రెండు మూడు విడతలుగా విడగొట్టుకోవచ్చు. నడుస్తూ పక్కనున్నవాళ్ళతో మామూలుగా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగుతుంటే తగ్గించాలి. 28 వారాలు దాటిన కవలల గర్భంలో వ్యాయామం విషయమై వైద్యుల మార్గదర్శకాలు జాగ్రత్తగానే ఉంటాయి, డాక్టరు అనుమతితోనే కొనసాగించమంటాయి. కాబట్టి ఈ దశలో కొత్త వ్యాయామం ఏదీ మొదలుపెట్టకూడదు.

నడుస్తుంటే పొట్ట రాయిలా గట్టిపడినా, కింద బరువుగా లాగినట్టు ఉన్నా ఆగి, కూర్చుని, నీళ్ళు తాగాలి. కూర్చోగానే తగ్గిపోయి, మళ్ళీ నడిస్తే వస్తుంటే ఆ రోజుకు నడక చాలు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఉండేవాళ్ళు ఉదయం ఏడు దాటితే బయట నడవకపోవడమే మంచిది. హాల్లో అటూ ఇటూ నడిచినా నడకే.

యోగా, ఇతర వ్యాయామాలు?

కూర్చుని మడమలు తిప్పడం, గోడకు చేతులు ఆనించి నెమ్మదిగా ముందుకు వంగి వెనక్కి రావడం, కటి కండరాలను బిగించి వదలడం, పిల్లిలా చేతుల మీద, మోకాళ్ళ మీద ఆని నడుమును సవరించుకోవడం, నిదానంగా శ్వాస తీసుకోవడం చేయవచ్చు. వెల్లకిలా పడుకుని చేసే ఆసనాలు, ఊపిరి బిగబట్టే ప్రాణాయామం, కపాలభాతి, పొట్ట మీద ఒత్తిడి పడేవి, తూలిపడే అవకాశం ఉన్నవి వద్దు. యూట్యూబ్‌లో తొమ్మిదో నెల వ్యాయామాల పేరుతో కనిపించేవన్నీ దాదాపుగా ఒక్క బిడ్డ ఉన్నవాళ్ళ కోసం, నొప్పులు త్వరగా రావాలన్న ఉద్దేశంతో చేసినవి. కవలల తల్లికి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

కింద కూర్చుని ఇల్లు తుడిస్తే సుఖప్రసవం అవుతుందంటారు. నిజమేనా?

కవలల విషయంలో ఈ మాట పట్టించుకోవద్దు. సహజ కాన్పా, సిజేరియనా అన్నది మొదటి బిడ్డ తల కిందికి ఉందా, మాయలు ఎలా ఉన్నాయి, బిడ్డల బరువెంత అన్నవాటి మీద ఆధారపడుతుంది. గొంతుకూర్చుని లేచేటప్పుడు పొట్ట బరువుకు తూలిపడే ప్రమాదం ఎక్కువ. పొడవు కర్రతో తుడవడం, కుర్చీలో కూర్చుని కూరలు తరగడం, బట్టలు మడతపెట్టడం చేసుకోవచ్చు. నీళ్ళ బిందెలు, గ్యాస్ సిలిండర్, తడిబట్టల బకెట్ వేరేవాళ్ళు ఎత్తాలి. నాటు పద్ధతి మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో దాని మీద పెట్టే కుర్చీ ఒకటి కొనడం మంచి ఖర్చు. ఎత్తుకోమని ఏడ్చే పెద్ద బిడ్డ ఉంటే, మంచం మీద కూర్చుని పక్కకు ఎక్కించుకోవడం అలవాటు చేయాలి.

పొట్ట గట్టిపడడం మామూలేనా? ఎప్పుడు పరుగెత్తాలి?

అప్పుడప్పుడూ, నొప్పి లేకుండా, పడుకోగానే తగ్గిపోయేట్టు గట్టిపడడం మామూలే. కానీ నడుములో మొదలై ముందుకు వస్తూ, క్రమంగా దగ్గరపడుతూ, గంటలో నాలుగైదుసార్లు దాటితే అది వేరు. అలాగే ఉమ్మనీరు కారినా, రక్తం కనిపించినా, కింద ఒత్తిడి ఒక్కసారిగా పెరిగినా, బిడ్డల కదలికలు మునుపటికన్నా తగ్గినా వెంటనే వెళ్ళాలి. ఇద్దరిలో ఎవరు కదులుతున్నారో చెప్పడం కష్టం, లెక్కపెట్టడం కూడా కష్టమే. మీకు అలవాటైన తీరు మారిందా అన్నదే గమనించాలి.

తొందరపడి వెళ్ళడానికి గట్టి కారణం ఉంది. 34 వారాల లోపు కాన్పు వచ్చేట్టుంటే బిడ్డల ఊపిరితిత్తులు బలపడడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. అవి రెండు రోజుల పాటు విడతలుగా ఇచ్చేవి, పూర్తి ఫలితానికి ఆ సమయం పడుతుంది. సాయంత్రం మీటింగ్ అయ్యాక చూద్దామనుకుంటే పోయేది ఆ సమయమే. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయాలి. వెళ్ళాక నొప్పులు కావని తేల్చి పంపిస్తే సిగ్గుపడనవసరం లేదు, ఆ వార్డులో అది రోజూ జరిగేదే.

తలనొప్పి తగ్గకుండా ఉండడం, కళ్ళ ముందు మెరుపులు, పక్కటెముకల కింద నొప్పి, ముఖం, చేతులు హఠాత్తుగా వాచడం బిపి లక్షణాలు. 140/90కి చేరితే ఫోన్ చేసి చెప్పాలి. అరిచేతులు, అరికాళ్ళు రాత్రిపూట విపరీతంగా దురదపెడితే కాలేయ పరీక్ష అవసరం. ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడితే అది పనివల్ల వచ్చిన వాపు అనుకోవద్దు.

ఏడో నెలలో పుట్టింటికి తీసుకువెళ్తామంటున్నారు. వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, ఏడో నెలలో వెళ్ళడమే నయం. ఏడులో ముహూర్తం కుదరలేదని తొమ్మిదో నెలకు మార్చడం మాత్రం కవలల విషయంలో పొరపాటు. అప్పటికి 35 వారాలు అవుతాయి. అయితే ఎక్కడికి వెళ్తున్నామన్నది ముహూర్తం కన్నా పెద్ద ప్రశ్న. పుట్టిల్లు ఉన్న ఊరికి గంట దూరంలోపు, ఇద్దరు పసివాళ్ళను ఒకేసారి చూసుకోగల నవజాత శిశువుల ఐసీయూ ఉందా? వెంటిలేటర్లు ఎన్ని, రాత్రిపూట పిల్లల డాక్టరు ఉంటారా, రక్తనిధి దగ్గరలో ఉందా? ఈ ప్రశ్నలు అమ్మానాన్నలు వెళ్ళి అడిగి రావాలి. ఒక బిడ్డను ఇక్కడ, ఇంకో బిడ్డను వేరే ఊళ్ళో చేర్చాల్సి వచ్చిన కుటుంబాల కష్టం చెప్పనలవి కాదు.

అలాంటి ఆసుపత్రి లేకపోతే సీమంతం పుట్టింట్లో చేసుకుని తిరిగి రావచ్చు, లేదా అమ్మనే కూతురి దగ్గరకు రమ్మనవచ్చు. వెళ్ళేవాళ్ళు పాత డాక్టరు దగ్గర నుంచి స్కానింగ్ రిపోర్టులన్నీ తీసుకుని, వెళ్ళిన వారంలోనే కొత్త డాక్టరుకు చూపించాలి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు పుట్టింటి నుంచి కొనసాగించవచ్చు గానీ, పలకరించడానికి వచ్చే చుట్టాల మధ్య అది ఎంతవరకు సాగుతుందో ముందే ఆలోచించుకోవాలి.

ప్రయాణాల సంగతి?

బైకు, స్కూటీ, గుంతల దారిలో ఆటో 28 వారాల తర్వాత మానాలి. కారులో సీటు బెల్టు కింది పట్టీ పొట్ట కిందుగా తొడల మీద, పై పట్టీ రొమ్ముల మధ్యగా రావాలి. గంటన్నరకోసారి దిగి నడవాలి. దూరమైతే రైల్లో కింది బెర్తు మేలు. కవలలతో 32 వారాలు దాటితే చాలా విమాన సంస్థలు ఎక్కనివ్వవు, టికెట్ కొనేముందే కనుక్కోవాలి.

పనిచేస్తూ ఏం తినాలి? ఇద్దరి కోసం రెట్టింపు తినాలా?

రెట్టింపు అక్కర్లేదు, అసలు పట్టదు కూడా. ఇద్దరు బిడ్డలతో పెరిగిన గర్భసంచి జీర్ణాశయాన్ని పైకి నెడుతుంటే ఒక్క విడతలో పావు కంచం దాటదు. కాబట్టి రెండు రెండున్నర గంటలకోసారి కొద్దికొద్దిగా: ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, పెరుగన్నం, వేయించిన శనగలు, పండు. మామూలు బరువుతో గర్భం దాల్చిన మహిళ కవలలతో మొత్తం 17 నుంచి 25 కిలోలు పెరగవచ్చు. ఆ సంఖ్య విని కంగారుపడి తిండి తగ్గించకూడదు. ఐరన్ మాత్ర టీతోనో కాల్షియం మాత్రతోనో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు, రెండు గంటల తేడా ఉండాలి. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే ఆయాసాన్ని పని ఒత్తిడి అనుకుని వదిలేస్తారు, అందుకే 28 వారాలకు మళ్ళీ పరీక్ష చేయించాలి. జంట అరటిపండు తిన్నందుకే కవలలు పడ్డారని ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరైనా అంటే నవ్వి ఊరుకుని, ఆ పండు తినేయవచ్చు.

రాత్రి నిద్ర పట్టడం లేదు, మర్నాడు పని ఎలా?

28 వారాల నుంచి ఏదో ఒక పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య, పొట్ట కింద దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. రెండు మూడుసార్లు లేవక తప్పదు. రాత్రి నిద్ర అయిదు గంటలకు పడిపోయి వారం దాటితే, ఉదయం ఆలస్యంగా పని మొదలుపెట్టే వీలు అడగండి.

విదేశాల్లో ఉన్నాం. అమ్మానాన్నలను ఎప్పటికి రప్పించుకోవాలి?

40 వారాల తేదీ చూసి టికెట్లు తీస్తే వాళ్ళు దిగేసరికి పిల్లలు పుట్టేసి ఉంటారు. 32 నుంచి 34 వారాల మధ్య వచ్చేట్టు తీయాలి. అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్ళకు సమాఖ్య చట్టం ఇచ్చేది 12 వారాల వేతనం లేని సెలవు, అది కూడా యాభై మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలో ఏడాది పనిచేసి ఉంటేనే. డాక్టరు ముందే పని ఆపమంటే ఆ వారాలు కూడా ఇందులోంచే పోవచ్చు గనుక, కంపెనీ ఇచ్చే స్వల్పకాలిక వైకల్య బీమా, రాష్ట్రం ఇచ్చే వేతన సెలవు ఉన్నాయేమో అయిదో నెలలోనే అడిగి పెట్టుకోవాలి.

సెలవు పెట్టకముందే కాన్పు అయిపోతే?

నోటీసు ముందుగా ఇవ్వలేకపోయినవాళ్ళు కాన్పు తర్వాత వీలైనంత త్వరగా ఇవ్వవచ్చని చట్టమే చెబుతోంది. ముందు వాడుకోని వారాలన్నీ కాన్పు తర్వాతకు వస్తాయి. కాన్పు తర్వాత ఆరు వారాలు ఎవరూ పని చేయించకూడదు. అందుకని 28 వారాలు నిండగానే సెలవు దరఖాస్తును తేదీ ఖాళీగా ఉంచి టైపు చేసి, డాక్టరు సర్టిఫికెట్ కాపీతో కలిపి భర్త ఫోన్‌లో గానీ అన్నదమ్ముల ఫోన్‌లో గానీ పెట్టి ఉంచాలి. పని అప్పగింతల కాగితం కూడా అప్పటికే సిద్ధంగా ఉంటే, ఐసీయూ బయట కూర్చున్న మనిషికి ఆఫీసు నుంచి ఫోన్లు రావు.